దుర్మార్గం అంటే తిట్టా? మా సెక్రటరీ అంకుల్ అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయారు

మూడోఫ్లోర్
మా ఫ్లాట్ల గ్రూపులో మొన్న ఒక నోటీసు పెట్టారు. ఇళ్లలో పనిచేసేవాళ్లు లిఫ్ట్ ఎక్కకూడదట, మెట్ల మీదే రావాలట. మాది ఐదంతస్తులు. ఐదో అంతస్తులో చేసే ఆవిడకి మోకాళ్ల నొప్పులు, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతుంది. నాకు ఒళ్లు మండి "ఇది మరీ దుర్మార్గం" అని రాశాను. అంతే, ఇంకో ముక్క లేదు. పది నిమిషాల్లో సెక్రటరీ అంకుల్ "నన్ను దుర్మార్గుడంటావా, నీ వయసెంత నా వయసెంత" అని పెట్టి గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఇప్పుడు అందరూ నోటీసు సంగతి వదిలేసి నా మాట పట్టుకున్నారు. సారీ చెప్పమంటున్నారు.

నేనన్నది నోటీసుని, మనిషిని కాదు. దుర్మార్గం అన్నా దుర్మార్గుడు అన్నా ఒకటేనా? అసలు అంత పెద్ద తిట్టా ఇది? మా ఇంట్లో రిమోట్ లాక్కున్నా "దుర్మార్గుడా" అనుకుంటాం.

గళ్ళనుడికట్టు
తిట్టే. కాకపోతే చదువుకున్న తిట్టు.

బండిర
రిమోట్ దగ్గర అంటే ముద్దు. అరవై దాటిన మనిషిని నలుగురిలో అంటే ముద్దెలా అవుతుంది అక్కా.

మూడోఫ్లోర్
బండిర, ఆయన్ని అనలేదయ్యా. గొడవంతా అక్కడే కదా.

శకటరేఫ_73
ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, కొంచెం పొడుగ్గా చెబుతాను, భరించండి. దుర్ అన్నది ఉపసర్గ, చెడు అని అర్థం. మార్గం అంటే దారి. చెడు దారి దుర్మార్గం, ఆ దారిన పోయేవాడు దుర్మార్గుడు. మార్గం అన్న మాట మృగం నుంచి వచ్చింది, అడవిలో జంతువు నడిచిన జాడ అన్నమాట. దుష్టుడు, దురాగతం, దురాచారం, దౌర్జన్యం, అన్నిట్లోనూ ఇదే దుర్. కాబట్టి పని దుర్మార్గం అయితే చేసినవాడు దుర్మార్గుడే, వ్యాకరణం ప్రకారం తప్పించుకునే వీల్లేదు. అమ్మాయీ, సెక్రటరీగారు నిన్ను అపార్థం చేసుకోలేదు. సరిగ్గానే అర్థం చేసుకున్నారు.

అరసున్న
మాస్టారూ, ఒక్కటి. దుష్టుడిలో దుర్ లేదు. అది దుష్ అనే ధాతువు, చెడిపోవడం అని. దోషం, దూషణ అన్నీ ఆ ఇంటివే. దుష్ట అంటే చెడిపోయిన. మిగతావి మీరన్నట్టే.

ఇంకోటి, దుర్ అంటే ప్రతిసారీ చెడు అని కాదు, కష్టం అని కూడా. దుర్లభం, దుర్గమం చూడండి. దుర్యోధనుడంటే చెడ్డగా యుద్ధం చేసేవాడు కాదు, ఎదురు నిలిచి యుద్ధం చేయడం కష్టమైనవాడు. దుశ్శాసనుడంటే ఎవరి అదుపుకీ లొంగనివాడు. పాపం గాంధారి పిల్లలకి తిట్లు ఏరి పేర్లు పెట్టలేదు.

గళ్ళనుడికట్టు
అయితే మా వీధి రోడ్డు అక్షరాలా దుర్మార్గం. వెళ్లడం కష్టం.

శకటరేఫ_73
దుష్ట విషయంలో అరసున్నది రైటు. నల్లబల్ల మీద రాసేటప్పుడు దొర్లని తప్పులు ఫోన్లో దొర్లుతున్నాయి, ఏమిటో.

నిద్రగన్నేరు
మాస్టారు చెప్పింది మాట పుట్టుక. పుట్టాక అది అక్కడే కూర్చోలేదు కదా. ఇదే మాటని తెలుగు చేసి "చెడుదారి" అని చూడండి. "వాళ్లబ్బాయి చెడుదారి పట్టాడు" అంటే పేకాట, తాగుడు, కాలేజీ ఎగ్గొట్టడం. అనేవాళ్ల గొంతులో జాలి కూడా ఉంటుంది. ఎవరో పట్టించారనీ, మళ్లీ దారికి తేవచ్చనీ. "దారి తప్పాడు" కూడా అంతే. ఇప్పుడు "వాళ్లబ్బాయి దుర్మార్గుడు" అనండి. జాలి ఎగిరిపోయింది. వాడు ఎవరినో ఏదో చేశాడు.

ముక్కముక్కకీ అర్థం అదే, మాట మొత్తంగా వేరు. చెడుదారి పట్టినవాడు తన కొంప తను ముంచుకుంటాడు, దుర్మార్గుడు ఎదుటివాడి కొంప ముంచుతాడు.

ఇంకో తమాషా. సన్మార్గం ఇప్పటికీ దారిగానే ఉంది, "సన్మార్గంలో నడువు" అంటాం. దుర్మార్గంలో నడిచేవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? నడవరు, చేస్తారు. "ఎంత దుర్మార్గం చేశాడు" అంటాం. దారి కాస్తా పని అయిపోయింది. అందుకే మూడోఫ్లోర్ గారు పనిని అన్నానంటే నేను నమ్ముతాను.

బండిర
అడ్డదారి మర్చిపోయారు. దాన్ని తిట్టేవాళ్లూ ఉన్నారు, అడ్రస్ అడిగేవాళ్లూ ఉన్నారు.

వాక్యదోషం
నేను ఏ మాటనైనా ఇంకో చోట పెట్టి చూస్తాను. బస్సు లోయలో పడింది. ఘోరం అంటాం, దారుణం అంటాం. "ఘోర ప్రమాదం" రోజూ చదువుతాం. "దుర్మార్గమైన ప్రమాదం" అని ఎవరైనా అన్నారా? పిడుగు పడి మనిషి పోతే ఘోరమే, దుర్మార్గం కాదు. అంటే ఈ మాటకి వెనక ఒక మనిషి ఉండాలి. వాడు తెలిసి చేసి ఉండాలి. అవతలివాడు తిరగబడలేని స్థితిలో ఉండాలి. ఈ మూడోది చాలామంది గమనించరు. గట్టి పిండాన్ని మోసం చేస్తే "మోసం" అంటాం, లోపల్లోపల "వీడూ తక్కువవాడు కాదు" అని కూడా అనుకుంటాం. పెన్షన్ తీసుకోవడానికి వచ్చిన ముసలామెని మోసం చేస్తే అప్పుడు నోట్లోంచి వచ్చేది "దుర్మార్గం".

ఆ లెక్కన మోకాళ్ల నొప్పుల మనిషిని మెట్లెక్కమనడానికి ఈ మాట కొలిచి కుట్టినట్టుంది.

మూడోఫ్లోర్
ఇది కాపీ చేసి మా గ్రూపులో పెట్టొచ్చా?

వాక్యదోషం
వద్దు. ఇంకో ఇద్దరు వెళ్లిపోతారు.

పాతపెట్టె
అన్యాయం అంటే సరిపోయేది కదమ్మా. అంత కటువైన మాట దేనికి.

నిద్రగన్నేరు
అన్యాయం పంపకాల మాట అండీ. నాకు రావాల్సింది రాలేదు, వాడికి ఎక్కువొచ్చింది, అక్కడ బాగుంటుంది. అంపైర్ అన్యాయం చేస్తాడు, మార్కులు వేసేవాళ్లు అన్యాయం చేస్తారు. దేవుడు కూడా చేస్తాడు. "దేవుడు నాకు అన్యాయం చేశాడు" అంటాం గానీ "దేవుడు నాకు దుర్మార్గం చేశాడు" అనం.

పాతపెట్టె
మా అత్తగారు అనేవారు. దేవుణ్ణీ అనేవారు, నన్నూ అనేవారు.

పూరేకు
వాక్యదోషం గారి మూడు షరతులకీ లొంగనిది ఒకటి చెబుతాను. మా తాతయ్య పోయిన రోజు, ఇంటినిండా జనం. నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుని "ఎంత దుర్మార్గుడివయ్యా, ఒక్క మాటైనా చెప్పకుండా పోతావా" అంది. యాభై మూడేళ్లు కాపురం చేసింది. అప్పటివరకూ ఆయన్ని మీరు అనే అనేది. ఆ రోజే నువ్వు అంది.

తిట్టా కాదా అని అడిగారు కదా, దీన్ని ఏ గళ్లో వేస్తారో మీరే చూసుకోండి.

వాక్యదోషం
పూరేకు, చదివి కాసేపు ఊరుకున్నాను. కానీ షరతులు ఉన్నాయనే నాకనిపిస్తోంది. ఆవిడ దాన్ని చావులా చూడలేదు. ఆయన తెలిసి చేసిన పనిలా చూసింది. వెళ్లాడు, చెప్పకుండా వెళ్లాడు, నన్నొదిలి వెళ్లాడు. "ఎంత ఘోరం జరిగింది" అని ఉంటే మామూలు మాట అయిపోయేది. జరిగినదాన్ని చేసినదిగా మార్చింది ఆ మాటే.

డెస్క్_నైట్‌షిఫ్ట్
ఇరవై ఏళ్లు పేపర్లో రాత్రి డెస్క్ చేశాను. ఇంట్లో ఈ మాటలకి ఉన్న ప్రాణం పేపర్లో ఉండదు. మాకు అవి ఇటుకలు. శీర్షికలో ఎన్ని అక్షరాలు పడతాయో చూసి పెట్టేవాళ్లం. చోటు తక్కువుంటే "ఘోరం". కొంచెం ఉంటే "దారుణం", "దురాగతం". దొంగ ఎవరో తెలియకపోతే "దుండగులు". "ఇద్దరు దుండగులు పరార్." పట్టుబడ్డాక వాడే "నిందితుడు" అవుతాడు. ఇంట్లో ఎవరైనా "మన బీరువా దుండగులు తెరిచారు" అంటారా?

వీటికి తగిలించే క్రియలు కూడా వేరు. దుర్మార్గానికి "ఒడిగట్టారు", దౌర్జన్యానికి "పాల్పడ్డారు", దాడికి "తెగబడ్డారు". ఒడిగట్టడం అంటే ఒడి పట్టి అందులోకి తీసుకోవడం, ఎంత ఇంటి బొమ్మ అది! ఇప్పుడు అందులో పాపం తప్ప ఇంకేదీ పడదు. ఎవరైనా రక్తదానానికి ఒడిగట్టారని రాసి చూడండి, రక్తం తీసింది దొంగలని అనుకుంటారు.

ఒక తప్పు మాత్రం నన్ను వదల్లేదు. సింగిల్ కాలమ్ వార్త. ఒక కుర్రాడు అప్పుల బాధతో పురుగుల మందు తాగాడు, ఆస్పత్రిలో ఉన్నాడు. "యువకుడి అఘాయిత్యం" అని శీర్షిక పెట్టాను. మా డెస్క్ భాషలో అఘాయిత్యం అంటే అది కూడా. "అఘాయిత్యం చేసుకున్నాడు" అంటారు కదా. మూడోరోజు వాళ్ల నాన్న ఆఫీసుకి వచ్చాడు. పేపరు ఆ వార్త పైకి కనబడేలా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. శీర్షిక మాత్రమే చదివినవాళ్లు వాడు ఏదో ఆడపిల్లని చేశాడనుకున్నారట. "బాబూ, మావాడు ఎవరినీ ఏమీ చెయ్యలేదు, వాడినే వాడు చేసుకున్నాడు" అన్నాడు. మర్నాడు సవరణ వేశాం, లోపలి పేజీలో, అగ్గిపెట్టెంత. ఆ తర్వాత ఆ మాట రెండు అర్థాల్లో ఏ అర్థానికీ నేను వాడలేదు. ఆత్మహత్యాయత్నం అయితే అలాగే రాశాను, చోటు చాలకపోతే ఇంకో మాట కోశాను.

అరసున్న
అఘం అంటే పాపం. అదొక్కటే చెప్పి ఊరుకుంటే ఏ పాపమో చదివేవాడు నింపుకుంటాడు. మీ శీర్షికకి జరిగింది అదే.

నల్లకోటు
డెస్క్ గారు అఘాయిత్యం చెప్పారు. మా దగ్గర ఇంతకన్నా పెద్ద చిక్కు అత్యాచారంతో. అతి + ఆచారం. హద్దు దాటిన నడవడి, అంతే. అందులో శరీరం లేదు, ఆడ మగ లేదు. 1989లో వచ్చి 1990 జనవరి 30 నుంచి అమలైన చట్టాన్ని తెలుగులో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అంటాం. అందులో అత్యాచారం అంటే భూమి లాక్కోవడం, వాడుక దారి మూసేయడం, నలుగురూ చూసేచోట కులం పేరుతో అవమానించడం, ఇలా ఎన్నో. అదే మాట మర్నాటి పేపర్లో ఒకే ఒక్క నేరానికి వాడతారు. పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 376, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 64.

ఒక క్లయింటు వచ్చాడు. గట్టు తగాదా, కులం పేరుతో తిట్టాడని కేసు. కాగితం మీద "అత్యాచారాల నిరోధక" అని చూసి వాళ్లావిడ మూడు రోజులు అన్నం ముట్టలేదట. "ఇంకెవరి జోలికి వెళ్లావు" అని ఒకటే ఏడుపు. ఆఫీసుకి ఇద్దర్నీ పిలిచి చట్టం పేరు విడదీసి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ఊపిరి పీల్చుకుని "తిట్టడమేనా" అంది. అదీ నేరమేనమ్మా, చిన్నది కాదు అని మళ్లీ మొదటినుంచి చెప్పాను.

పూరేకు
మరి ఆ నేరానికి అత్యాచారం అనే ఎందుకు స్థిరపడింది?

డెస్క్_నైట్‌షిఫ్ట్
అంతకుముందు "మానభంగం" అని రాసేవాళ్లు. ఆ మాటలో పోయింది ఎవరి మానం? చేసినవాడిది కాదు, ఆ పిల్లది. నేరం వాడిది, భంగం ఈమెది. అది మానేయాలనే కొందరం అత్యాచారం వైపు వచ్చాం, ఏ అర్థమైనా ఇమిడే మసకమాట కాబట్టి. రాసి రాసి దాని మసక కూడా పోయింది. ఇప్పుడు "లైంగిక దాడి" అంటున్నారు. నా ఓటు దానికే, ఏం జరిగిందో అది చెబుతుంది.

శకటరేఫ_73
మానభంగం గురించి డెస్క్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. ముప్పై ఏళ్లలో పాఠం చెబుతూ నేను ఒక్కసారీ ఇలా ఆలోచించలేదు.

బండిర
వాతావరణం బరువెక్కింది గానీ, మా కాలేజీ బ్యాచ్ ఈ లిస్టులో సగం మాటల్ని మెచ్చుకోలు కింద మార్చేసింది. "సెంచరీ కొట్టాడు చూశావా, అరాచకం మామా." "పాట దారుణంగా ఎక్కేసింది." "ఘోరంగా నవ్వాను." ఒకడు ఏకంగా "దుర్మార్గంగా బౌలింగ్ వేశాడు" అన్నాడు. వికెట్లు అయిదు తీసినవాణ్ణి.

పాతపెట్టె
ఘోరంగా నవ్వడం ఏమిటి నాయనా. వినడానికే భయంగా ఉంది.

శకటరేఫ_73
అరాచకం అంటే రాజు లేని స్థితి. సంస్కృతంలో అరాజకం. వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో దశరథుడు పోయాక రాజు లేని దేశం ఎలా ఉంటుందో వరసపెట్టి శ్లోకాలున్నాయి, చాలావరకు "నారాజకే జనపదే" అనే మొదలవుతాయి. అక్కడ వాన పడదు, విత్తనం చల్లరు, తలుపులు తెరిచి నిద్రపోలేరు. సెంచరీ కొట్టడం మాత్రం లేదు.

బండిర
మాస్టారూ, బౌలర్లకి రాజు లేడు కదా ఆ రోజు. సరిపోయింది.

శకటరేఫ_73
ఒప్పుకుంటున్నాను.

గళ్ళనుడికట్టు
ఘోరం మాటొచ్చింది కాబట్టి. అఘోర అంటే ఘోరం కానిది, శాంతమైనది. శివుడి అయిదు ముఖాల్లో ఒకటి. అదే మన ఇళ్లల్లో "ఏం అఘోరిస్తున్నావక్కడ" అయింది. మా అమ్మ రోజుకు నాలుగుసార్లు నన్ను శివుణ్ణి చేసేది.

వాక్యదోషం
మా ఆఫీసులో మేం నలుగురం ఎప్పుడూ కలిసే టీకి వెళ్తామని మాకు దుష్టచతుష్టయం అని పేరు. నలుగురిలో కర్ణుడు ఎవరు అని ఇప్పటికీ గొడవ. శకుని విషయంలో మాత్రం ఏకాభిప్రాయం.

నల్లకోటు
శకునికి న్యాయవాది కావాలంటే చెప్పండి.

సగంచందమామ
అందరూ ఇన్ని సంస్కృతం మాటలు దొర్లిస్తున్నారు, అచ్చంగా మన మాటలు లేవా? వెధవ పని అంటే పోయేది కదా.

పూరేకు
సగంచందమామ గారూ, ఆ మాట మాత్రం వద్దు. అది విధవ నుంచి వచ్చింది. ఎవడో చెడ్డపని చేస్తే మొగుడు పోయిన ఆడదాన్ని తిట్టినట్టు. అన్నట్టు, అదీ సంస్కృతమే.

సగంచందమామ
ఇప్పుడు ఎవరికీ ఆ అర్థం తెలియదు. వెధవ అంటే వెధవే. మా నాన్న ముద్దుగా పిలిచేవాడు.

పూరేకు
నాకు తెలుసు. నేను వినే దాంట్లో తేడా ఉంటుంది కదా.

సగంచందమామ
సరే, అనను. కానీ అలవాటులో వచ్చేస్తే మొట్టకండి. అచ్చ తెలుగులో ఏముందో మాత్రం చెప్పండి.

నిద్రగన్నేరు
చెడ్డ, పాడు, తుంటరి, కొంటె. చూస్తే ఒక్కదానికీ కోరలు లేవు. చెడ్డ అంటే చెడింది, పాడు అంటే పాడైంది. పాలు కూడా చెడతాయి, గోడ కూడా పాడవుతుంది. తుంటరి, కొంటె చిన్నపిల్లల దగ్గరే ఆగిపోయాయి. నిజంగా కరవాలంటే సంస్కృతం తెచ్చుకుంటాం, లేదా ఇక్కడ రాయలేనివి వాడతాం. అందుకే మొదట్లో గళ్ళనుడికట్టు "చదువుకున్న తిట్టు" అన్నది చిన్న మాట కాదు. అసలు తిట్లు మింగినప్పుడు బయటికొచ్చేది దుర్మార్గం.

గళ్ళనుడికట్టు
నేను అంత ఆలోచించి అనలేదు గానీ, క్రెడిట్ తీసుకుంటాను.

అరసున్న
మూడోఫ్లోర్ గారి అసలు ప్రశ్నకి వస్తే, నాకు తోచిన జవాబు దురాచారంలో ఉంది. సంస్కృతంలో దురాచారుడంటే చెడు నడవడి ఉన్న మనిషి. గీత తొమ్మిదో అధ్యాయంలో "అపి చేత్ సుదురాచారో" అని ఉంది, ఎంత చెడ్డ నడవడి ఉన్నవాడైనా సరే అని. తెలుగులోకి వచ్చాక ఆ మనిషి మాయమయ్యాడు. దురాచారం అంటే సంఘానిది. సతీసహగమనం దురాచారం, 1829లో నిషేధించారు అని బళ్లో చదువుతాం. కానీ చితి పేర్చినవాళ్లని "దురాచారులు" అని ఎక్కడా చదవం. అందరూ కలిసి చేస్తే దురాచారం, ఒక్కడు చేస్తే దుర్మార్గం. మొదటిదాంట్లో ఎవరికీ తగలదు.

మీరు "ఇదొక దురాచారం" అని రాసి ఉంటే అంకుల్ లైక్ కొట్టేవారు.

మూడోఫ్లోర్
అరసున్న గారూ, నాకూ అదే అనిపించింది, అందుకే బాధ. నోటీసు కింద సంతకం ఉంది, తేదీ ఉంది. సంఘం వచ్చి అంటించలేదు. ఒక మనిషి కూర్చుని, టైపు చేసి, లామినేషన్ చేయించి లిఫ్ట్ పక్కన అతికించాడు. వాక్యదోషం గారి మూడు షరతులూ చదివాక నేను మనిషిని అనలేదు అనడానికి కూడా నోరు రావడం లేదు. అన్నాననే అనిపిస్తోంది.

శకటరేఫ_73
నేను మొదటే చెప్పాను.

నల్లకోటు
మాస్టారు రైటే గానీ, చిన్న తేడా. కోర్టులో కూడా పని రుజువైతే మనిషిని శిక్షిస్తాం, మనిషి మొత్తానికీ పేరు పెట్టం. ఒకసారి దొంగతనం చేసినవాడు బతుకంతా దొంగ కాదు. దుర్మార్గం అనేది ఒక మధ్యాహ్నానిది కావచ్చు. దుర్మార్గుడు అన్నప్పుడు పుట్టినప్పటినుంచీ లెక్క. పెద్దాయనకి ఆ తేడా చెప్పి చూడండి.

పాతపెట్టె
ఫోన్లో చెప్పకమ్మా. దిగి వెళ్లి చెప్పు. ఒక్క అంతస్తే కదా.

మూడోఫ్లోర్
రెండు. గ్రౌండ్ ఫ్లోర్‌లోకి మారారు, మోకాళ్ల నొప్పులని. ఇప్పుడే తట్టింది నాకు.

బండిర
అరాచకం.

డెస్క్_నైట్‌షిఫ్ట్
గ్రౌండ్‌కి రెండేమిటండీ, మూడు కదా?

మూడోఫ్లోర్
సెల్లార్ వదిలేసి గ్రౌండ్‌నే ఒకటో అంతస్తుగా లెక్క మా దగ్గర, అందరూ తికమక పడతారు. వెళ్లొచ్చి చెబుతాను.

మూడోఫ్లోర్
వెళ్లొచ్చాను. ఆంటీ తలుపు తీశారు. అంకుల్ బాల్కనీలో ఉన్నారు, నన్ను చూసి పేపరు ఎత్తి పట్టుకున్నారు. అంకుల్, మిమ్మల్ని దుర్మార్గుడు అనలేదండీ, నోటీసు దుర్మార్గం అన్నాను అని మొదలుపెట్టి నల్లకోటు గారి మధ్యాహ్నం మాట చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పేపరు దించి, "దుర్మార్గం అన్నావు, సరే. మీ ఆంటీ కూడా అదే అంది. మరీ అన్నావు చూడు, అది దేనికి?" అన్నారు.

నాకు జవాబు దొరకలేదు.

వాక్యదోషం
ఇన్ని పోస్టులు వేశాం, ఆ మాటని ఒక్కళ్లమూ చూడలేదు!

నిద్రగన్నేరు
ఆయనే చదివాడు సరిగ్గా. "ఇది దుర్మార్గం" అంటే ఆ ఒక్క పని. "మరీ దుర్మార్గం" అంటే ఇదివరకు కూడా ఉన్నవేగా, ఇవాళ ఇంకొంచెం మించింది అని. వెనకటివన్నీ తవ్వినట్టుంటుంది.

మూడోఫ్లోర్
నిజం చెప్పాలంటే ఉన్నాయి. పిల్లలు సైకిళ్లు తొక్కకూడదని ఒకటి, టెర్రస్ తాళం ఒకటి.

శకటరేఫ_73
మరీ అన్నది అవ్యయం. దాని మీద నా దగ్గర పాత నోట్సు ఉంది, వెతికి పెడతాను.

గళ్ళనుడికట్టు
మాస్టారూ, అది మరీ...

పాతపెట్టె
ఇంతకీ నోటీసు తీశారా లేదా?

మూడోఫ్లోర్
తీయలేదండీ, ఆదివారం మీటింగ్‌లో చూద్దాం అన్నారు. లామినేషన్ కాబట్టి చింపడానికీ లేదు. కానీ ఇవాళ పొద్దున ఐదో అంతస్తు ఆవిడ లిఫ్ట్‌లోనే వచ్చింది. గేటు దగ్గర ఆంటీ కనబడి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారట, తనే అయిదు నొక్కి బయటికొచ్చేశారట.